నడిగడ్డ నుంచి నల్లమల దాకా: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంత విహార స్థలాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు తెలంగాణకు దక్షిణపు కొసన ఉన్నాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే దాకా ఇదంతా పాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. జనం నోట ఇప్పటికీ పాలమూరే. కృష్ణానది ఈ నేల మీదుగా తూర్పుకు సాగుతుంది. తుంగభద్ర దక్షిణపు హద్దుగా వచ్చి అలంపురం దాటాక కృష్ణలో కలుస్తుంది. ఈ రెండు నదుల నడుమ ఉన్న గద్వాల, అలంపురం భాగాన్ని నడిగడ్డ అంటారు. తూర్పున నల్లమల అడవి, ఉత్తరాన రాళ్లగుట్టలు, చెరువులు, వేరుశనగ, కంది పండే చెల్కలు. 2011 జనాభా లెక్కల నాటికి గద్వాల, వనపర్తి పట్టణాలు ఒక్కొక్కటి 60 వేలు దాటాయి. నాగర్‌కర్నూల్ అందులో సగానికి అటూఇటూగా ఉంది.

ఈ మూడు పట్టణాల్లో పెద్ద నగరాల తరహా ఉద్యానవనాలు వెతికితే దొరికేది తక్కువ. జంతు ప్రదర్శనశాల లేదు, నీటి ఆటల కేంద్రాలకు పేరు లేదు. అయినా ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లే కుటుంబాలకు చోటు కరువు కాదు. ఆ చోట్లలో చాలా వాటిని విహారం కోసం ఎవరూ కట్టలేదు. సాగునీటి కోసం కట్టిన ఆనకట్ట, రాజులు తవ్వించిన చెరువు, ముంపులో పైకి తరలించిన గుడి, కాపలా కోసం లేపిన కోట, వీటినే జనం తమ ఉద్యానవనాలుగా చేసుకున్నారు. అందుకే ఇక్కడ ఎక్కడికి వెళ్లాలనే దానికన్నా ఎప్పుడు వెళ్లాలనేదే ముఖ్యం. గేట్లు ఎత్తారా, అలుగు పారుతోందా, బ్యాక్‌వాటర్ ఎంతదాకా వచ్చింది అన్న కబురును బట్టి ప్రయాణం ఖాయమవుతుంది.

జూరాల

గద్వాలకు 20 కిలోమీటర్ల లోపున, ధరూరు మండలం రేవులపల్లి దగ్గర కృష్ణ మీద ఉన్న ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ జనం చేరే చోటు. 1981లో శంకుస్థాపన జరిగి 1990ల నడుమ పూర్తయింది. పూర్తి నీటిమట్టం 318.516 మీటర్లు. మొదట అనుకున్న నిలువ 11.94 టీఎంసీలు కాగా పూడిక చేరాక ఇప్పుడు లెక్కలో చూపేది దాదాపు 9.66 టీఎంసీలు. శ్రీశైలం, నాగార్జునసాగర్లతో పోలిస్తే ఇది చిన్న జలాశయం. చిన్నది కావడమే దీని ఆకర్షణకు మూలం. కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ నుంచి వరద వదిలితే పట్టి ఉంచుకునే చోటు జూరాలలో లేదు. వచ్చిన నీటిని వచ్చినట్టే కిందికి పంపాలి. అందువల్ల మంచి వానలు పడిన ఏడు జూలై నుంచి అక్టోబరు దాకా గేట్లు పలుమార్లు లేస్తాయి. అరవైకి పైగా ఉన్న గేట్లలో ఎన్ని లేపారన్నది స్థానిక పత్రికల్లో రోజువారీ వార్త. ముప్పై, నలభై గేట్లు ఒకేసారి లేచిన ఆదివారం ఆనకట్ట మీది రోడ్డున బండి కదలదు.

ఆ రోడ్డు గద్వాల వైపు నుంచి ఆత్మకూరు, అమరచింత వైపుకు వెళ్లే దారి కూడా కాబట్టి బస్సులు, ధాన్యం ట్రాక్టర్లు, సెల్ఫీలు దిగేవాళ్లు అందరూ అక్కడే ఇరుక్కుంటారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆనకట్ట మీద ఆగకుండా దాటి, ఏదో ఒక ఒడ్డున బండి నిలిపి నడిచి రావడం మేలు. ఒడ్డున చేపల వేపుడు, చేపల పులుసు, జొన్నరొట్టె అమ్మే చిన్న హోటళ్లు వరసగా ఉంటాయి. జూరాలకు వెళ్లి చేపలు తినకుండా వచ్చామంటే ఈ ప్రాంతంలో ఎవరూ నమ్మరు.

ఆనకట్ట దగ్గర 39 మెగావాట్ల యూనిట్లు ఆరు కలిపి 234 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, కొంత దిగువన 240 మెగావాట్ల దిగువ జూరాల కేంద్రం ఉన్నాయి. నీళ్లు గేట్ల నుంచి దుంకినప్పుడూ యంత్రాల గుండా బయటికి వచ్చినప్పుడూ తేడా ఏమిటో పిల్లలకు చూపించి చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దగ్గరలో లేదు. వేసవిలో మాత్రం దిగువన రాళ్లు తేలి, మడుగులు మాత్రమే మిగులుతాయి. ఆ మడుగుల్లో మొసళ్లు ఉంటాయి. నీళ్లు లేవు కదా అని పిల్లల్ని రాళ్ల మీదికి వదలకూడదు.

జూరాలకు దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట గుర్రంగడ్డ ఉంది. నది నడుమ జనం నివసించే దీవి ఊరు ఇది. ఇక్కడి వాళ్ల రాకపోకలు ఎన్నో ఏళ్లుగా పుట్టి మీదా, మరబోటు మీదా సాగాయి. దీన్ని విహార స్థలంగా చెప్పే వ్యాసాలు ఈ మధ్య పెరిగాయి గానీ అక్కడ బస, హోటల్ లాంటి ఏర్పాట్లు చూసుకుని వెళ్లే చోటు కాదు అది. వరద కాలంలో ఊరివాళ్లకే దాటడం కష్టం.

గద్వాల, బీచుపల్లి, అలంపురం

గద్వాల పట్టణం నడిబొడ్డున మట్టికోట ఉంది. గద్వాల సంస్థానాన్ని స్థిరపరచిన సోమనాద్రి, అంటే పెద సోమభూపాలుడు, దీన్ని కట్టించాడు. బురుజులు, కందకం జాడలు, లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ఇవన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. కాలేజీ పిల్లలు వెళ్లిపోయాక సాయంత్రం గుడికి వచ్చేవాళ్లూ నడకకు వచ్చేవాళ్లూ కలిసి ఆ ఆవరణను పట్టణపు తోటగా మార్చేస్తారు. గోడలు పలుచోట్ల కూలి, పిచ్చిచెట్లు మొలిచి ఉన్నాయి. ఇంత చరిత్ర ఉన్న కోటను ఇంత మామూలుగా వాడుకునే పట్టణం ఇంకోటి కనబడదు. అది దాని అందం, దాని నష్టం కూడా. కోట చూసినవాళ్లు చీరల దుకాణంలోకి వెళ్లకుండా రారు. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపే గద్వాల చీరల నేతపని పిల్లలకు చూపించదగ్గది.

పట్టణానికి దగ్గరలో కృష్ణ ఒడ్డున నది అగ్రహారం ఉంది. కార్తీకంలో దీపాలు వదలడానికి, మిగతా రోజుల్లో ఊరికే కూర్చోవడానికి వస్తారు. జమ్మిచేడులోని జమ్ములమ్మ గుడి, దాని పక్కనున్న జలాశయం మరో దగ్గరి చోటు. మాఘ పౌర్ణమి నాడు మొదలయ్యే జాతర వారాల తరబడి సాగుతుంది. మంగళ, శుక్రవారాల్లో బండ్లు కట్టుకుని వచ్చిన కుటుంబాలు చెట్ల కింద పొయ్యి పెట్టి వండుకుంటాయి. బోనం, వంట, బంధువుల కలయిక ఒకే రోజున జరిగే ఈ పద్ధతి ఇక్కడి విహారానికి అసలు రూపం.

జాతీయ రహదారి 44 కృష్ణను దాటే బీచుపల్లి దగ్గర ఆంజనేయస్వామి గుడి, స్నాన ఘట్టాలు ఉన్నాయి. హైదరాబాదు నుంచి కర్నూలు, బెంగళూరు వెళ్లే కార్లు ఇక్కడ అరగంట ఆగడం మామూలు. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాల కోసం ఈ ఘట్టాలను బాగుచేశారు. వంతెన మీంచి చూస్తే నదిలో నున్నని నల్లరాళ్లు మైళ్ల దూరం కనబడతాయి.

అలంపురం పేరు చెప్పగానే జోగుళాంబ గుర్తొస్తుంది. జోగుళాంబ గద్వాల అన్న జిల్లా పేరూ ఆ అమ్మవారిదే. ఇక్కడ చెప్పవలసింది మాత్రం నవబ్రహ్మ ఆలయాల ఆవరణ గురించి. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో తుంగభద్ర ఒడ్డున కట్టించిన ఈ ఎర్రరాతి గుళ్ల నడుమ పురావస్తుశాఖ పెంచిన పచ్చిక, చెట్ల నీడ, పక్కనే శిల్పాల మ్యూజియం ఉన్నాయి. పిల్లలు పరుగెత్తడానికి జాగా, పెద్దలు కూర్చోవడానికి రాతి అరుగులు ఉన్న ఇలాంటి శుభ్రమైన ఆవరణ మూడు జిల్లాల్లో మరొకటి లేదు. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు ఊళ్లోకి రాకుండా నది వెంట పెద్ద గోడ కట్టారు. 2009 అక్టోబరు వరదలో ఆ గోడా చాలలేదు, ఊరు మునిగింది. శ్రీశైలం ముంపులో పోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. జనం తక్కువగా వెళ్లే ఈ రెండు చోట్లే నెమ్మదిగా చూడదగ్గవి.

వనపర్తి సముద్రాలు

వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన పెద్ద చెరువులను సప్తసముద్రాలని పిలుస్తారు. శ్రీరంగాపురంలోని రంగసముద్రం, కానాయపల్లి శంకరసముద్రం వీటిలో పేరున్నవి. శంకరసముద్రం ఇప్పుడు జలాశయంగా పెరిగింది. విహారానికి వచ్చేవాళ్లు ఎక్కువగా చేరేది రంగసముద్రం దగ్గరికే.

శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడి పెబ్బేరుకు దగ్గర. గుడికి మూడు వైపులా చెరువు నీళ్లు. ఎత్తయిన గాలిగోపురం నీడ చెరువులో పడుతుంది. నిండిన ఏడు అలలు ప్రహరీ గోడను తాకుతాయి. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలకు ఇది ఎప్పటి నుంచో ఇష్టమైన చోటు. 2024 సెప్టెంబరులో సినిమా నటులు సిద్ధార్థ్, అదితిరావ్ హైదరీ పెళ్లి ఈ గుడిలో జరిగాక దూరప్రాంతాల వాళ్లకూ తెలిసింది. అదితి తల్లి తరఫున వనపర్తి సంస్థానపు కుటుంబానికి చెందిన మనిషి, రాజా రామేశ్వరరావు మనవరాలు. గుడి చుట్టూ చెరువు గట్టున నడవవచ్చు. మెట్లు నేరుగా లోతు నీళ్లలోకి దిగుతాయి కనుక చిన్న పిల్లల చెయ్యి వదలకూడదు.

వనపర్తి పట్టణంలో రాజమహల్‌ను 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీగా వాడుతున్నారు. లోపలికి వెళ్లాలంటే కాలేజీ వాళ్ల అనుమతి కావాలి. ముందరి మైదానం, పాత చెట్లు మాత్రం బయటి నుంచి చూసినా బాగుంటాయి. పట్టణానికి ఆనుకుని నల్లచెరువు ఉంది. కట్ట మీద నడకదారి వేశాక సాయంత్రాలు సందడిగా మారింది. కొత్తగా అటవీశాఖ పెంచిన ఎకో పార్కు కూడా ఉంది.

ఖిల్లా ఘనపురం కాస్త కాలి సత్తువ ఉన్న కుటుంబాలకు. రెండు గుట్టలను కలుపుతూ గోన వంశీయుల కాలంలో లేచిన కోట, దాని కింద గణపసముద్రం చెరువు. కాకతీయుల సామంతులైన ఈ గోన వారి ఇంటి నుంచే రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి వచ్చాడు. వారి రాజధాని వర్ధమానపురం నేటి నంది వడ్డెమాన్, నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టి ఎండ ముదరక ముందే దిగడం మంచిది. పైన నీడ తక్కువ, నీళ్లు మోసుకుపోవలసిందే. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు హాయిగా ఎక్కుతారు. పానగల్లు కోట కూడా ఇలాంటిదే గానీ దారి మరీ కరుకు. పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో విజయనగర రాజులకూ బహమనీ సుల్తానులకూ యుద్ధం జరిగిన పానగల్లు ఇదేనని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు.

సరళాసాగర్

కొత్తకోట దగ్గరి సరళాసాగర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూడ్డానికి వచ్చేవాళ్లలో సగం మందికి తాము ఏం చూస్తున్నారో తెలియదు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద ఈ ప్రాజెక్టు తలపెట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో చూసిన పద్ధతిని ఇక్కడికి తెచ్చారని చెబుతారు. 1949లో శంకుస్థాపన, 1959లో ప్రారంభం. ఆనకట్టకు గేట్లు లేవు. వాటి బదులు సైఫన్లు ఉన్నాయి, 17 ప్రధాన సైఫన్లు, వాటిని మొదలుపెట్టించే 4 ప్రైమింగ్ సైఫన్లు.

పని చేసే తీరు ఇది. జలాశయం పూర్తి మట్టానికి చేరి కాస్త పైకి లేవగానే నీళ్లు సైఫన్ గొట్టపు మెడ మీదుగా లోపలికి జారుతాయి. జారే నీళ్లు లోపలున్న గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి పోయిన చోట శూన్యం ఏర్పడి గొట్టం నిండుగా నీళ్లను పీల్చి అవతలికి విసురుతుంది. మనిషి మీట నొక్కడు, కరెంటు అక్కరలేదు. మట్టం తగ్గి గాలి లోపలికి దూరగానే ధార తనంతట తానే ఆగిపోతుంది. అర్ధరాత్రి వరద వచ్చినా అంతే. ఇలా ఒక్కసారిగా, హెచ్చరిక లేకుండా తెరుచుకోవడం వల్ల కింద నిలబడ్డవాళ్లకు ప్రమాదం ఉంది. సైఫన్లు తెరుచుకున్న రోజుల్లో దిగువన మదనాపురం దగ్గర ఊకచెట్టు వాగు కాజ్‌వే మునిగి ఆత్మకూరు వైపు రాకపోకలు నిలిచిపోతాయి.

వానలు సరిగా లేక చాలా ఏళ్లు సరళాసాగర్ నిండలేదు. చివరికి నిండాక ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు కూడా. 2019 డిసెంబరు 31 తెల్లవారుజామున మట్టికట్ట తెగి నీళ్లన్నీ పోయాయి. తర్వాత కట్టను తిరిగి కట్టారు. ఇంతటి అరుదైన ఏర్పాటు దగ్గర దాని పనితీరు చెప్పే బొమ్మల ఫలకం ఒకటి పెడితే బడిపిల్లల విజ్ఞాన యాత్రకు తెలంగాణలో ఇది ముందు వరసలో నిలుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సైఫన్లు పారుతున్నాయని తెలిస్తేనే వెళ్లాలి. లేకపోతే కనబడేది కాంక్రీటు గోడే.

మినీ ట్యాంక్‌బండ్‌లు, ప్రకృతి వనాలు

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసే పథకం. దానిలోనే హైదరాబాదు ట్యాంక్‌బండ్ నమూనాగా నియోజకవర్గానికి ఒక చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దాలని తలపెట్టారు. నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం, వనపర్తిలో నల్లచెరువు అలా మారాయి. కట్టను వెడల్పు చేసి, నడకదారి, రెయిలింగు, దీపాలు, బతుకమ్మ మెట్లు వేయడం ఇందులో ముఖ్యమైన పని. నాగర్‌కర్నూల్ లాంటి చిన్న పట్టణానికి కేసరి సముద్రం కట్ట ఇచ్చినంత ఊరట మరేదీ ఇవ్వలేదు. సాయంత్రం ఐదు దాటగానే బజ్జీలబండి, మక్కకంకుల బండి, ముసలివాళ్ల నడక, పిల్లల సైకిళ్లు. సద్దుల బతుకమ్మ నాడు కట్ట మీద కాలు పెట్టడానికి చోటుండదు.

2020 తర్వాత ఊరూరా పల్లె ప్రకృతి వనాలు, పట్టణాల్లో పట్టణ ప్రకృతి వనాలు వచ్చాయి. చిన్న జాగాలో దట్టంగా మొక్కలు, నడుమ బాట, ఒకటి రెండు బెంచీలు. ఊరికి ఒక తోట అన్న ఆలోచన మంచిదే. నీళ్లు పోసే మనిషి జీతం ఆగిన చోట అవి ఎండిపోయాయి, సర్పంచి పట్టించుకున్న చోట బతికాయి. మున్సిపాలిటీల పార్కుల్లో జారుడుబండ, ఊయల, ఓపెన్ జిమ్ మామూలుగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇనుప జారుడుబండ మీద మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. ఆటవస్తువులు కొనడానికి ముందు చెట్లు పెంచి ఉంటే బాగుండేది.

పెద్ద ఉద్యానవనమే కావాలనుకునే కుటుంబాలు మహబూబ్‌నగర్ దాకా వెళ్తాయి. అక్కడి పిల్లలమర్రి, అర్బన్ ఎకో పార్కు ఈ వ్యాస పరిధికి బయటివి.

సోమశిల, కొల్లాపూర్

కొల్లాపూర్ దగ్గరి సోమశిలను తెలంగాణ పర్యాటకశాఖ తన పెద్ద ఆకర్షణల్లో ఒకటిగా చూపుతోంది. శ్రీశైలం జలాశయపు నీళ్లు ఇక్కడ నల్లమల కొండల నడుమ సరస్సులా పరుచుకుంటాయి. ఒడ్డున కాటేజీలు, బోట్లు, గుట్ట మీద నుంచి సూర్యాస్తమయం. ఈ అందం వెనక ఉన్నది ముంపు. 885 అడుగుల పూర్తి మట్టంతో శ్రీశైలం జలాశయం 1980ల మొదట్లో నిండినప్పుడు రెండు ఒడ్డుల మీదా కలిపి వంద దాకా ఊళ్లు మునిగాయి. సోమశిలలోని లలితా సోమేశ్వరాలయ సముదాయం అలా పాత చోటు నుంచి పైకి తెచ్చి కట్టినదే. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, కొల్లాపూర్‌లోని మాధవస్వామి ఆలయం కూడా తరలించినవి. బోటు తిప్పేవాళ్లలో పెద్దవాళ్లను అడిగితే కింద ఏ ఊరు ఉందో, ఏ రావిచెట్టు ఉండేదో చెప్పగలరు. పిల్లలతో వెళ్లినవాళ్లు ఆ మాట ఒకసారి అడిగించాలి.

ఇక్కడి నుంచి శ్రీశైలానికి పర్యాటకశాఖ లాంచీ నడుస్తుంది. ఆరేడు గంటల ప్రయాణం. జలాశయంలో నీళ్లు చాలినన్ని ఉన్న నెలల్లోనే వెళ్తుంది కనుక ముందుగా కనుక్కోవాలి. చిన్న పిల్లలకు అంతసేపు విసుగు. వాళ్లకు గంటలోపు తిరిగివచ్చే బోటు చాలు. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. నీటిమట్టం బాగా తగ్గిన వేసవిలో అక్కడ మరో సంగమేశ్వరాలయం నీళ్లలోంచి బయటపడుతుంది, వానాకాలం రాగానే మళ్లీ మునుగుతుంది. అందులోని లింగం వేపమానుది.

బోటు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ అడిగి వేసుకోవాలి. 2007 జనవరిలో ఈ ప్రాంతంలోనే పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. సోమశిలకూ అవతలి ఒడ్డున ఉన్న సిద్ధేశ్వరానికీ మధ్య వంతెన కావాలన్న కోరిక అప్పటి నుంచి గట్టిపడింది. 2022 అక్టోబరులో కేంద్రం 1,082 కోట్ల అంచనాతో తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. నడిచేవాళ్లకు అద్దాల దారి ఉండేలా రూపకల్పన చేశారు.

కొల్లాపూర్‌కు పోయే దారిలో సింగోటం ఉంది. శ్రీవారి సముద్రం అనే చెరువు, ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కన రత్నగిరి గుట్ట. సంక్రాంతికి జరిగే జాతరలో రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు, తెప్పోత్సవం ఉంటాయి. ఈ చెరువు ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో భాగం కాబట్టి వేసవిలోనూ నీళ్లు కనబడతాయి. మే నెలలో వెళ్లినవాళ్లు కొల్లాపూర్ మామిడి పండ్లు గంపలకొద్దీ కొనుక్కుని వస్తారు. కొల్లాపూర్‌లో సురభి రాజుల మహల్ ఉంది.

సోమశిల, సింగోటం, కదళీవనం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం కలిపి కేంద్ర పర్యాటక శాఖ స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో 91.62 కోట్లతో ఎకో టూరిజం సర్క్యూట్ మంజూరు చేసింది. కాటేజీలు, బోట్లు, దారులు కొంత దాని ఫలితమే.

నల్లమల

నాగర్‌కర్నూల్ జిల్లా తూర్పు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కోర్, బఫర్ కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. రాష్ట్ర విభజనకు ముందు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగంగా ఉండేది. హైదరాబాదు-శ్రీశైలం రహదారి దీని గుండా పోతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి మొదలు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలను వదలరు.

మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. నిజాం కాలంలో వేట విడిది ఉన్న చోటు. సఫారీ బండి కొండ అంచు వ్యూపాయింట్ దాకా వెళ్తుంది; అక్కడి నుంచి కింద మైదానం, చెరువులు పరుచుకుని కనబడతాయి. దారిలో చుక్కల జింకలు, నెమళ్లు, కొండముచ్చులు మామూలుగా కనబడతాయి. పులి కోసమే వెళ్లేవాళ్లు మాత్రం నిరాశపడే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఈ అడవి దట్టమైనది, పులులు దూరం పాటిస్తాయి. 2021లో మొదలైన రాత్రి బస ప్యాకేజీలో సఫారీ, చిన్న ట్రెక్కింగ్, చెంచు యువకులు గైడ్లుగా చెప్పే కబుర్లు కలిసి ఉంటాయి. అడవి పేరు, చెట్టు పేరు, తేనె తీసే తీరు వాళ్ల నోట వినడమే ఈ బసలో విలువైన భాగం. వానాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఆపేస్తారు.

మల్లెలతీర్థం వటవర్లపల్లి దగ్గర హైవే నుంచి లోపలికి మళ్లితే వస్తుంది. మూడు వందల పైచిలుకు మెట్లు దిగాలి. దిగడం సులువు, ఎక్కడమే ముసలివాళ్లకు, చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్లకు కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జలపాతం బాగుంటుంది. ఎండాకాలానికి సన్నటి ధార. రక్షణ దృష్ట్యా అటవీశాఖ దీన్ని అప్పుడప్పుడు మూసేస్తుంది. దోమలపెంట వైపు పోతే ఆక్టోపస్ వ్యూపాయింట్ ఉంది. కృష్ణ వెనుక జలాలు కొండల సందుల్లోకి చేతులు చాచినట్టు పారడం పైనుంచి చూడవచ్చు.

ముసలివాళ్లనూ పసివాళ్లనూ ఒకేసారి తీసుకెళ్లడానికి నల్లమలలో సరైన చోటు అచ్చంపేటకు దగ్గరి ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరు. కొండ చరియ కింద గుడి, దాని దాకా రోడ్డు. రాతి పైకప్పు నుంచి పాపనాశిని నీళ్లు ఏడాదంతా చినుకులుగా రాలుతూ ఉంటాయి, నడివేసవిలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది. కోతులు ఎక్కువ, చేతిలో సంచి దాచుకోవాలి.

సలేశ్వరం జాతర వేరే సంగతి. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొన్ని రోజులే అటవీశాఖ దారి తెరుస్తుంది. రాంపూర్ పెంట దాకా బండ్లు, ఆ పైన కిలోమీటర్ల కొద్దీ కొండలు ఎక్కుతూ దిగుతూ లోయలోని జలపాతం, గుహలోని లింగం దగ్గరికి నడక. పూజారులు చెంచులు. లక్షలాది జనం ఆ కొద్ది రోజుల్లోనే ఆ సన్నని దారిలో నడుస్తారు. ఏప్రిల్ ఎండ, రాళ్లు, తోపులాట. పదేళ్ల లోపు పిల్లల్ని తీసుకుపోకపోవడమే మంచిది.

ప్రయాణం

గద్వాలకు సికింద్రాబాదు-కర్నూలు రైలు మార్గం ఉంది. 2013 నుంచి రాయచూరుకూ రైలు నడుస్తోంది. వనపర్తి రోడ్ స్టేషన్ మదనాపురం దగ్గర ఉంది, పట్టణానికి చాలా దూరం. తెలియక దిగినవాళ్లు ఆటో వెతుక్కోవాలి. నాగర్‌కర్నూల్‌కు రైలు లేదు. జాతీయ రహదారి 44 మీద కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి, అలంపురం చౌరస్తా వరసగా వస్తాయి కనుక సొంత బండి ఉంటే సరళాసాగర్, శ్రీరంగాపురం, బీచుపల్లి, అలంపురం ఒకే రోజులో చూడవచ్చు. జూరాలను అందులో కలిపితే హడావుడి. సోమశిలకు ఒక రోజు, నల్లమలకు ఒక రాత్రి బస విడిగా పెట్టుకోవాలి. ఆర్టీసీ బస్సులు జిల్లా కేంద్రాల నుంచి కొల్లాపూర్, అచ్చంపేట, ఆత్మకూరు దాకా బాగానే ఉన్నాయి. చివరి పది, పదిహేను కిలోమీటర్లకే ఇబ్బంది, తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోవాలి.

చాలా చోట్ల మంచినీళ్లు, మరుగుదొడ్లు నమ్మకంగా ఉండవు. అలంపురం, సోమశిల కాటేజీలు, మన్ననూరు కొంత మెరుగు. అభయారణ్యంలో ప్లాస్టిక్ సీసాలు పారేయడం నిషేధం. జనం చేరే కొత్త నీటి ఒడ్డులూ ముందు ముందు రావచ్చు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం కింద నార్లాపూర్, ఏదుల, వట్టెం దగ్గర పెద్ద జలాశయాలు కట్టారు. నార్లాపూర్‌లో మొదటి పంపు 2023 సెప్టెంబరు 16న నడిచింది. ఇంకో కృష్ణా పుష్కరం 2028లో వస్తుంది. ఘట్టాలకూ దారులకూ నిధులు ఈ ప్రాంతానికి పుష్కరాల ఏడే ఎక్కువగా వస్తుంటాయి కాబట్టి సోమశిల, బీచుపల్లి, నది అగ్రహారం ఒడ్డుల రూపం అప్పటికి మారవచ్చు.